ఇల్లు చూసే పని: కొత్తవాళ్ళు ఎన్నాళ్ళకు రిపోర్టు మీద సొంతంగా సంతకం పెట్టొచ్చు?

కందనవోలు_ఇంజనీరు (కర్నూలు):
కొనేముందు ఇల్లు చూసి రిపోర్టు రాసిచ్చే పని నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా. ఈ మధ్య డిప్లొమా, బీటెక్ అయిన పిల్లలు ఫోన్ చేసి "సార్, మీ వెంట తిప్పుకోండి, నేర్చుకుంటాం" అంటున్నారు. నాకు సంతోషమే. అయితే ఒక సంగతి మీ ముందు పెట్టాలి.

రెండేళ్ళ కింద ఒకబ్బాయి నాతో మూడు నెలలు తిరిగి సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు. సెప్టెంబరులో ఒక ఇల్లు చూసి "పునాది బాగుంది" అని రాసిచ్చాడు. ఏప్రిల్‌లో ఆ ఇంటివాళ్ళు నన్ను పిలిచారు. ప్రతి కిటికీ మూల నుంచీ ఏటవాలుగా బీటలు, పెన్సిలు మొన దూరేంత.

తప్పు నాదేనని నేనంటాను. జూన్ నుంచి ఆగస్టు దాకా తిప్పినా అతన్ని. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. దాని మీద పునాది సరిగా దిగకపోతే గోడ కూడా దానితోపాటే కదులుతుంది. వానల్లో బీట మూసుకుని వెంట్రుకంత అవుతుంది, పైన పుట్టీ, రంగు పడితే అదీ కనపడదు. ఆ అబ్బాయి ఎండాకాలంలో ఒక్క ఇల్లు కూడా చూడలేదు, నేను చూపించలేదు.

అందుకే ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు వైపు పని చేసేవాళ్ళకు ఎన్ని ఇళ్ళు తిరిగారని లెక్కపెట్టడం మానేసి ఎన్ని కాలాలు తిరిగారని లెక్కపెట్టాలని నా వాదన. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, అవే ఇళ్ళకు రెండుసార్లు. అప్పటిదాకా సొంత సంతకం వద్దు. మీరేమంటారు?

అనంత_సివిల్ (అనంతపురం):
సార్, మీరు చెప్పే ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఏడాది తిరగమంటారు, ఆ ఏడాది ఇల్లు గడిచేదెట్ల? నేనొక సార్ దగ్గర ఐదు నెలలు చేసినా. పెట్రోలు నాది, ఫోటోలు తీసేది నేను, రాత్రి కూర్చుని రిపోర్టు టైపు చేసేది నేను. ఒక్క రూపాయి ఇవ్వలేదు. పోనీ నేర్పినారా అంటే అదీ లేదు. "టైల్స్ మీద తట్టు, డొల్ల శబ్దం వస్తే రాసుకో" అన్నారు. ఎందుకు డొల్లగా ఉంటుందని అడిగితే "రాసుకో" అనే మళ్ళీ.

ఇంకొకటి. మా వైపు ఎర్రనేల ఎక్కువ. మాకు బాధంతా ఉప్పు బోరు నీళ్ళతో. ఆ నీళ్ళతోనే కాంక్రీటు కలుపుతారు, ఆ నీళ్ళే పట్టి తడుపుతారు. ఇనుము వేసే కాంక్రీటుకు నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456లో ఉంది. నీళ్ళు పరీక్ష చేయించినారా అని అడగడం నేర్చుకునేదానికి ఎండాకాలం దాకా ఆగాల్నా? మీ నేల రూలు సీమంతా పెడితే ఎట్ల సార్?

మేస్త్రి_కొడుకు (ప్రొద్దుటూరు):
అక్కా, డొల్ల సంగతి నేను చెప్తా. టైలు కింద మాలు నిండా పరచకుండా నాలుగు మూలల్లో ఉండలు పెట్టి కూర్చోబెడతారు. మధ్యలో గాలి ఉంటుంది. బీరువా కాలు అక్కడ పడితే టైలు పగులుతుంది.

నా మాట వేరే. ఈ పని నేర్పాల్సింది కట్టే చోట. మా నాయన మేస్త్రి, చిన్నప్పటి నుంచి సైటులోనే పెరిగినా. పూత పూసినాక లోపల ఏముందో ఏ కెమెరా పూర్తిగా చెప్పదు. స్లాబుకు కడ్డీలు కట్టిన రోజు కొత్తోళ్ళను తీసుకొచ్చి కడ్డీకీ కాంక్రీటు అంచుకీ మధ్య ఎడం ఉంచే కవరు బిళ్ళలు చూపించండి. ఆ ఎడం స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40 ఉండాలి. చాలా చోట్ల కడ్డీ కింద కంకర రాయి తోసి పోసేస్తారు. కొన్నేళ్ళకు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పెచ్చు రాలుతుంది. అది చూసి కొత్తోళ్ళు "నెమ్ము" అని రాసి పోతారు. పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఇంటాయన డబ్బు పోగొట్టుకుంటాడు.

పాత మిద్దెలు కూడా అమ్ముడుపోతాయి మా దగ్గర. దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, పైన చౌడు మట్టి. దూలం మధ్యలో తట్టి చూస్తే గట్టిగానే ఉంటుంది. చెద పట్టేది గోడలో దిగిన చోట. స్క్రూడ్రైవరు తీసుకుని అక్కడ పొడిచి చూడాల. ఇది ఏ కోర్సులో చెప్తారు?

కడప_టు_న్యూయార్క్:
ఇక్కడ న్యూయార్క్‌లో లైసెన్సుకు 140 గంటల శిక్షణ కావాలి. అందులో 40 గంటలు లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు వెంట ఇళ్ళలో తిరగాలి. ఆ పైన పరీక్ష. ఏడాది ఎవరూ ఆపరు. 40 గంటలు బాగా నేర్పితే చాలదా అన్నా?

కందనవోలు_ఇంజనీరు:
తమ్ముడూ, అక్కడ ఏం చూడాలో, ఏది చూడక్కర్లేదో ప్రభుత్వమే రాసిపెట్టింది. మన దగ్గర ఈ పనికి లైసెన్సే లేదు, ఎవరైనా రేపు పొద్దున బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి నేర్పేవాడి మీదే బరువంతా ఉంది.

అమ్మా, డబ్బు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఉత్తచేతులతో పంపినవాడు నేర్పినట్టు కాదు. నేను ఇంటికి 500, పెట్రోలు వేరే ఇస్తున్నా. చాలదని నాకూ తెలుసు.

ఇల్లు_కొన్నాను (కర్నూలు):
డబ్బు కట్టేవాడిగా ఒక మాట. రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద, నమోదైన ప్రాజెక్టులో కట్టడపు లోపం బయటపడితే, తాళాలిచ్చిన ఐదేళ్ళ దాకా బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి నమోదు అక్కర్లేదు. మన ఊర్లో విడి ఇళ్ళన్నీ దాదాపు అంతే కదా. మాకున్న ఆధారం మీ కాగితమే. నా ఇల్లు చూసిన అబ్బాయి మీటర్లన్నీ తెచ్చాడు, గోడ గోడకూ పెట్టాడు. 2009 అక్టోబరు వరదలో ఇక్కడ నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయని మాత్రం ఎవరినీ అడగలేదు. పక్కింటి పెద్దమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపించేది. నేను కొన్నాక నాకు అట్లే చూపించింది. ఇరుగుపొరుగుతో మాట్లాడడం కూడా నేర్పండి సార్. ఇంకొకటి, చూసిందెవరు, నేర్పిందెవరు, ఇద్దరి పేర్లూ రిపోర్టులో రాయండి.

కందనవోలు_ఇంజనీరు:
పెద్దమ్మ మాట నాకు గుచ్చుకుంది. నేనూ ఎవరికీ అది విడిగా నేర్పలేదు. రెండు పేర్ల మాట రేపటి నుంచే పాటిస్తా.

నా పట్టు కొంచెం సడలిస్తున్నా. కరెంటు, ఎర్తింగు, కుళాయిలు, బాత్రూము వాలు, టైల్స్ మూడు నెలల్లో వస్తాయి. వాటికి కొత్తవాళ్ళు సంతకం పెట్టుకోవచ్చు. నల్లరేగడిలో పునాది పేజీ ఒక్కటి రెండు కాలాలు చూసినాకే.

అనంత_సివిల్:
పునాది పేజీ లేని రిపోర్టు ఎవరు కొంటారు సార్? ఇల్లు కొనేవాళ్ళు మొదట అడిగేదే అది. ఆ పేజీకి మీరు సంతకం పెట్టి, వచ్చిన డబ్బులో సగం నాకిస్తేనే ఈ పద్ధతి నిలబడుతుంది.

కందనవోలు_ఇంజనీరు:
సగమా మూడో వంతా అన్నది మాట్లాడుకుందాం. పోయిన సెప్టెంబరులో ఆదోని దగ్గర ఒక ఇంట్లో బీట చివరన పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి వచ్చినా. ఏప్రిల్ రెండో ఆదివారం మళ్ళీ పోతున్నా, గీత దాటిందేమో చూడాలి. బస్సు ఛార్జీ నేనిస్తా, రామ్మా.

మేస్త్రి_కొడుకు:
నేనూ వస్తా సార్. బయట మూలలో పునాది పక్కన రెండడుగులు తవ్వడానికి ఇంటాయన ఒప్పుకుంటాడేమో అడిగి పెట్టండి. గడ్డపార నాది.

అనంత_సివిల్:
వస్తా. సగం మాట మాత్రం వదలను.