తప్పెటగుళ్లను ఆరాధనలోకి ఎలా అనుమతించారు?

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె బాప్టిస్టు సంఘం. క్రిస్మస్ ఆరాధనలో తప్పెటగుళ్లు వాయిస్తూ, అడుగులు వేస్తూ ఒక స్తుతిగీతం పాడాలని ఎనిమిదిమంది యువకులం రెండు నెలలుగా సాధన చేస్తున్నాం. పాట ఏడు నిమిషాలు. సంఘ పెద్దలు మూడుసార్లు కాదన్నారు.

ఛాతీకి కట్టుకునే ఈ రేకు వాయిద్యం గ్రామదేవతల పండుగల్లో మోగేదని, గజ్జెకట్టి గెంతడం ఆరాధన కాదని వారి అభ్యంతరం. మొదటిసారి 150వ కీర్తన చూపించాను. అందులో తంబుర, నాట్యం, తాళాలు అన్నీ ఉన్నాయి. మందసం అనే దేవుని పవిత్ర పెట్టె ముందు దావీదు రాజు నాట్యమాడిన 2 సమూయేలు 6వ అధ్యాయమూ చదివాం. వారు 1 కొరింథీయులకు 14:40 చూపి, అంతా మర్యాదగా, క్రమంగా జరగాలన్నారు. ఆ మాటను నేనూ గౌరవిస్తాను. అందుకే రెండోసారి గజ్జెలు తీసేశాం, గెంతులు తగ్గించాం. మూడోసారి కదలకుండా నిలబడి వాయిస్తామన్నాం, అడుగు లేకపోతే తప్పెటగుళ్లకు ప్రాణమే ఉండదని తెలిసినా. అదీ కుదరలేదు. కథోలిక ఆరాధనలో పన్నెండు భారతీయ పద్ధతులకు రోమ్ 1969లోనే అనుమతి ఇచ్చిందని చెబితే, అది మనకు వర్తించదన్నారు. నిజమే.

కీబోర్డు, డ్రమ్స్ ప్రతి ఆదివారం లోపల మోగుతున్నాయి. మా తాతల వాయిద్యం మాత్రం గుమ్మం బయటే ఉండిపోవడం చాలా బాధగా ఉంది. పెద్దలను ఎదిరించి చేయాలని మాకు లేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు మీ సంఘంలో తప్పెటగుళ్లనో జముకు అనే జానపద వాయిద్యాన్నో ఆరాధనలోకి అనుమతించి ఉంటే, పెద్దలు ఏ షరతు మీద ఒప్పుకున్నారు?