రష్యా చమురుకూ నా రొయ్యల చెరువుకూ ఏమిటి సంబంధం? 100 కౌంట్‌లో పట్టేయాలా, ఆగాలా?

చెరువుగట్టు
2025 సెప్టెంబరు 4, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. భీమవరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వన్నామి రొయ్య వేస్తున్నాను. ముందు లెక్క చెబుతాను, తర్వాత నా ప్రశ్న.

ఎకరానికి రెండు లక్షల చొప్పున ఆరు లక్షల పిల్ల వేశాను. ఈరోజుకు 64 రోజులు. పొద్దున విసురు వల వేసి, కిలో తూచి లెక్కపెడితే 102 వచ్చాయి, అంటే 102 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దదన్నమాట. మేత ఎంత తింటున్నాయో చూడడానికి నీళ్లలో దించే చెక్‌ట్రేలో మేత రెండు గంటల్లో ఖాళీ అవుతోంది. రొయ్యను వెలుతురుకు ఎత్తి చూస్తే పేగు నల్లని గీతలా నిండుగా కనబడుతోంది. ఇంతవరకు దేవుడి దయ. నూటికి డెబ్బై ఐదు బతికాయనుకుంటే చెరువులో నాలుగున్నర టన్నులు ఉన్నట్టు.

ఆగస్టు మొదట్లో మా ఏజెంటు 100 కౌంట్‌కు కిలో 240 అన్నాడు. మొన్న అడిగితే 200. అది కూడా రేపటి మాట చెప్పలేనన్నాడు. కిలోకు నలభై అంటే లక్షా ఎనభై వేలు, రొయ్య ఇంకా నీళ్లలో ఉండగానే పోయాయి. తెగులుతో పోతే కనీసం చచ్చిన రొయ్య గట్టు మీద కనబడుతుంది. ఇది అలా కూడా లేదు.

కారణం అడిగితే అమెరికా పన్ను అన్నాడు. ఆగస్టు 7న 25 శాతం, 27న ఇంకో 25. ఆ రెండోది మన దేశం రష్యా దగ్గర చమురు కొంటున్నందుకు శిక్షట. నాకూ చమురుకూ ఉన్న సంబంధమల్లా కరెంటు పోయినప్పుడు జనరేటర్‌లో పోసే డీజిల్. చవక చమురు వస్తోందని టీవీలో చెబుతున్నారు గానీ, మా ఊరి బంకు దాకా ఆ చవకతనం రాలేదు. శిక్ష మాత్రం దారి తప్పకుండా వచ్చింది.

తెలిసినవాళ్లు చెప్పండి. పన్ను కట్టేది అమెరికాలో కొనేవాడు కదా, ధర నా గట్టు మీద ఎందుకు తగ్గాలి? అక్కడి కోర్టు ఈ పన్నులు చెల్లవని అన్నదట, ఆగితే తగ్గుతాయా? ఆగడమంటే మాటలు కాదు. 60 కౌంట్‌కు తేవాలంటే ఇంకో నలభై రోజులు, మేతకే నాలుగున్నర లక్షలు. మేత డీలర్ ఖాతాలో ఇప్పటికే ఎంత ఉందో ఇక్కడ రాస్తే మా ఆవిడ చదువుతుంది.

పాత_ఇన్వాయిస్
సెప్టెంబరు 5, ఉదయం 6.15

తమ్ముడూ, విశాఖలో ఒక ప్యాకింగ్ ప్లాంటులో ఎగుమతి కాగితాలు చూసి రిటైరయ్యాను. మొదటి ప్రశ్నకు నేను చెబుతాను.

పన్ను దిగుమతి చేసుకునేవాడే కట్టాలన్నది చట్టంలో మాట. వ్యాపారంలో వేరు. అమెరికాకు వెళ్లే రొయ్యలో చాలా భాగాన్ని మనవాళ్లు 'సుంకం మాదే' అనే షరతు మీద అమ్ముతారు. అంటే అక్కడి గోదాములో దించేదాకా సుంకంతో సహా ఖర్చంతా ఇక్కడి ఎగుమతిదారుదే. పాత సుంకాలు కూడా కలిపితే ఇప్పుడు మొత్తం దాదాపు 58 శాతం అయింది. పోటీదారు ఈక్వడార్ మీద ఈ కొత్త పన్ను 15 శాతమే. ధర పెంచితే కొనేవాడు అటు తిరుగుతాడు. ఎగుమతిదారు తన లాభంలో కొంత వదులుకుంటాడు, మిగతాది ఏజెంటు మీద వేస్తాడు, ఏజెంటు మీ మీద వేస్తాడు. మీ కింద ఇక రొయ్య తప్ప ఎవరూ లేరు.

ఇంకో సంగతి. ఆగస్టు 27కు ముందే ఓడ ఎక్కి, సెప్టెంబరు 17 లోపు అక్కడ సుంకం దాటిన సరుకుకు ఆ రెండో 25 శాతం పడదని ఉత్తర్వులో ఉంది. వినడానికి బాగుంది. కానీ ఇక్కడి నుంచి అమెరికా తూర్పు తీరానికి ఓడ ప్రయాణం నెల పైనే. ఆగస్టు 20న ఎక్కించిన కంటెయినర్ ఎగిరి వెళ్లాలి. మీరు ఈరోజు అమ్మే రొయ్య ఒలిచి, గడ్డకట్టించి, ఎక్కించి, చేరేసరికి దాదాపు నవంబరు. అప్పటికి పన్ను ఎంత ఉంటుందో కొనేవాడికీ తెలియదు. ఆ భయానికి కూడా మీ నలభైలో వాటా ఉంది.

చెరువుగట్టు
సెప్టెంబరు 5, ఉదయం 7.02

అన్నయ్యా, మరి 100 కౌంట్ అమెరికాకు పెద్దగా పోదు కదా? వాళ్లకు కావలసింది 50 లోపు పెద్ద రొయ్య అంటారు. చిన్నది కూడా ఎందుకు తగ్గించారు?

పాత_ఇన్వాయిస్
సెప్టెంబరు 5, ఉదయం 9.30

మంచి ప్రశ్న అడిగారు. కొంత న్యాయం, కొంత సాకు. పెద్ద సైజుకు ధర పడిపోతుందని రైతులందరూ మీలాగే 100 దగ్గర పట్టేస్తున్నారు. చిన్న సరుకు ఒక్కసారిగా వచ్చి పడింది. అది న్యాయం. ఏప్రిల్‌లో 26 శాతం పన్ను అని ప్రకటించగానే, ఒక్క కంటెయినర్ కూడా ఆ పన్ను కట్టకముందే, ఇక్కడ ధరలు కోసేశారు. వారంలో అక్కడ 90 రోజుల వాయిదా వేశారు. కోసిన ధర అంత త్వరగా అతికించారా? అది సాకు. ఆ జీతం తిన్నవాణ్ణే, అయినా చెబుతున్నాను.

ఉప్పుటేరు_తాత
సెప్టెంబరు 6, మధ్యాహ్నం 2.20

నాయనా, వన్నామికి ముందు వేసిన టైగర్ రొయ్య రోజుల నుంచి చూస్తున్నాను. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ ఊళ్లకు ఊళ్లను ముంచింది. ఆ దెబ్బ నుంచి లేవకముందే 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులు తొలగించాలని తీర్పు ఇచ్చింది. మా బావమరిది ఆ రోజు రాత్రి అన్నం ముట్టలేదు. కానీ ఊరంతా లారీలెక్కాం, ఏలూరు వెళ్లాం, నాయకుల ఇళ్ల ముందు కూర్చున్నాం. చివరకు 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వా సాగుకు చట్టమే చేసింది. మంచో చెడో తర్వాత సంగతి, అరవడానికి ఒక గుమ్మం ఉండేది. ఇప్పుడు లారీ ఎక్కి ఎక్కడికి వెళ్తావు?

పట్టుబడి గురించి ఒక్క మాట. ఎల్లుండి... కాదు, రేపే పౌర్ణమి, పైగా చంద్రగ్రహణం. రొయ్య కుబుసం విడిచే రోజులు. ఇప్పుడు వల వేస్తే మెత్తరొయ్య అని ఏజెంటు సగం పక్కన పెడతాడు. నాలుగు రోజులు ఆగు. అమెరికా అధ్యక్షుడు ఏం చేస్తాడో చెప్పలేను గానీ చంద్రుడు ఏం చేస్తాడో చెప్పగలను.

గోంగూర_టెక్సాస్
సెప్టెంబరు 10, ఉదయం 8.45

అన్నయ్య గారూ, మాది తణుకు, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాం. మీ పోస్టు చదివాక ఫ్రీజర్ తెరిచి చూశాను. రెండు పౌన్ల సంచి, వెనక చిన్న అక్షరాల్లో భారతదేశపు సరుకని ఉంది. దానిలో మీ జిల్లా రొయ్య లేదని ఎవరూ చెప్పలేరు. దుకాణంలో పక్క వరుసలోనే ఈక్వడార్ సంచులున్నాయి. వారం వారం సరుకులు కొనేవాళ్లు వెనక వైపు తిప్పి చదవరు, ధర చూస్తారు.

కోర్టు విషయం. ఈ పన్నులు వేసింది ఇక్కడి పార్లమెంటు కాదు. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని చూపించి అధ్యక్షుడు ఉత్తర్వుతో వేశాడు. ఆ చట్టంలో సుంకం అన్న మాటే లేదని కొందరు చిన్న వ్యాపారులు, కొన్ని రాష్ట్రాలు కేసు వేశాయి. ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7–4తో పన్నులు చెల్లవన్నది, కానీ అక్టోబరు 14 దాకా తీర్పు అమలు కాకుండా ఆపింది. నిన్ననే ఇక్కడి సుప్రీంకోర్టు కేసు తీసుకుంది, వాదనలు నవంబరు మొదట్లో. కాబట్టి మీ నలభై రోజుల్లో కోర్టు మిమ్మల్ని ఆదుకుంటుందని లెక్క వేసుకోకండి. ఒకవేళ కొట్టేసినా యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), ప్రతిసుంకం (ప్రభుత్వ రాయితీలు పొందారని వేసేది) వేరే చట్టం కింద ఉన్నాయి, అవి పోవు. యాంటీ డంపింగ్ 2005 నుంచీ ఉన్నదే.

అసలు చేదు మాట ఇది. పన్ను చెల్లదని తేలి, కట్టిన డబ్బు వాపసు ఇవ్వమన్నా, అది కాగితం మీద దిగుమతిదారుగా ఎవరి పేరుందో వాళ్లకు వెళ్తుంది. మీ నలభై రూపాయలకు రసీదు లేదు కదా.

ఇక్కడివాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఈ దేశంలో తినే రొయ్యలో తొంభై శాతం పైగా దిగుమతే. లూసియానాలో, మా టెక్సాస్ తీరంలో పడవల మీద రొయ్య పట్టేవాళ్లు చెరువు రొయ్య ధరకు తట్టుకోలేక పడవలు అమ్ముకున్నారు. వాళ్లు ఈ పన్నులు కావాలంటున్నారు. గాల్వెస్టన్ రేవులో ఒక ముసలాయన దగ్గర కొన్నప్పుడు మీది ఏ దేశమని అడిగాడు. చెప్పడానికి ఎందుకో తడబడ్డాను.

మంచుచేతులు
సెప్టెంబరు 10, రాత్రి 9.10

నేను రైతును కాదు, పీలింగ్ షెడ్‌లో పని చేస్తాను. అబ్బాయి ఫోనులో టైపు చేస్తున్నాడు, నేను చెబుతున్నాను. మాకు కిలో లెక్కన కూలి. తల తీసి, తొక్క ఒలిచి, వీపు మీద చీరి నరం లాగాలి. చేతులు పొద్దుటి నుంచీ మంచునీళ్లలోనే. గ్లౌజు వేసుకున్నా బొటనవేలి గోరు పక్కన ముల్లు దిగుతుంది, సాయంత్రానికి అన్నం కలుపుకుంటే కారం మండుతుంది. ఇదివరకు వారానికి ఆరు రోజులు బస్సు వచ్చేది. ఇప్పుడు మూడు రోజులు. మిగతా రోజులు వస్తుందో రాదో ముందు రోజు రాత్రి ఫోను చేస్తామంటారు, చేయరు. పని మానిపించారని కూడా అనలేం, ఎందుకంటే పనిలో పెట్టుకున్నట్టు కాగితం లేదు. రైతన్నలు సభ పెట్టినప్పుడు మా పేరు కూడా చెప్పండి.

చెరువుగట్టు
సెప్టెంబరు 12, రాత్రి 1.50

అందరికీ ధన్యవాదాలు. నిన్న తెల్లవారుజామున సగం పట్టించాను. తాతగారు చెప్పినట్టే నాలుగు రోజులు ఆగాను, పెంకు గట్టిపడింది. 94 కౌంట్ వచ్చింది. ఏజెంటు కుర్రాడు 97 లెక్కపెట్టాడు, రెండోసారి నా ముందు లెక్కపెట్టమంటే 94కే దిగాడు. ధర 205 వేశాడు. ఆ డబ్బు చేతిలో ఒక పూట ఉంది, తర్వాత మేత డీలర్ దగ్గరికి వెళ్లింది. మిగిలిన సగానికి చోటు పెరిగింది కాబట్టి 60కి తెద్దామని చూస్తున్నాను. కోర్టు మీద ఆశతో కాదు, ఇంత చిన్నదాన్ని ఆ ధరకు మొత్తం ఇవ్వడానికి మనసొప్పక.

టెక్సాస్ చెల్లెమ్మా, రసీదు మాట నాకు బాగా తగిలింది. చెరువు యజమాని పేరు మీద, కరెంటు మీటరు యజమాని పేరు మీద, యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చే రాయితీ కూడా ఆయన పేరు మీదే. పిల్ల కొన్న బిల్లు డీలర్ పేరు మీద. అమ్మకం ఏజెంటు పేరు మీద, ఓడ ఎక్కాక ఇంకెవరి పేరో. మొత్తంలో నా పేరున్నది మేత ఖాతా పుస్తకంలో ఒక్కచోటే. ఇంకో తమాషా, రొయ్యపిల్లలను ఉత్పత్తి చేసే మా హేచరీ అతను మొన్న చెప్పాడు. ఈ పిల్లను పెట్టిన తల్లిరొయ్యలు అమెరికా నుంచే వచ్చాయట, విమానంలో హవాయి నుంచి చెన్నై క్వారంటైన్‌కు.

పీలింగ్ అక్కా, ఆదివారం భీమవరంలో రైతుల సమావేశం ఉంది. మీ మూడు రోజుల సంగతి నేను లేచి చెబుతాను, మైకు ఇస్తే. కరెంటు పోయింది, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిన చప్పుడు వినబడుతోంది. జనరేటర్ వేసి వచ్చి మిగతాది రాస్తాను.