క్వాడ్ ఆర్ట్ రైలు మోడల్: పెట్టెల మధ్య జాయింట్ ఎలా చెయ్యాలి?

అందరికీ నమస్తే అండి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి శివారు ఊళ్లకి నడిచిన గ్రెస్లీ (దాని డిజైనర్) క్వాడ్ ఆర్ట్ సెట్‌ని, అంటే నాలుగు పెట్టెలు కలిసి ఒకటిగా ఉండే సెట్‌ని, అదే 1924 నాటిది, చెక్కతో చిన్న మోడల్ చేస్తున్నా, రెండు నెలలుగా రాత్రిళ్లు ఇదే పని. మామూలుగా నాలుగు పెట్టెలకి 8 ట్రక్కులు కావాలి కదా (మనం బోగీ అంటే పెట్టె అంటాం, నేను చెప్పేది కింద చక్రాలుండే భాగం), దీంట్లో పక్కపక్క పెట్టెల చివరలు రెండూ ఒకే ట్రక్కు మీద కూర్చుంటాయి కాబట్టి 5 సరిపోతాయి, బరువు తగ్గుతుంది, పొడవూ తగ్గుతుంది. ఇలాంటివి రెండు సెట్లు కలిపి 8 పెట్టెల రైలుగా నడిపేవాళ్లు. కారిడార్ లేదు, ప్రతి కంపార్ట్‌మెంట్‌కి రెండువైపులా సొంత తలుపులు, థర్డ్ క్లాసులో సీటుకి ఆరుగురు, స్టేషన్ రాగానే అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకుంటే జనం ఎంత త్వరగా దిగిపోయేవాళ్లో, నాకు ఆ డిజైన్ అంటే ప్రాణం.

ఇప్పుడు ఇబ్బంది ఏంటంటే వంపు మీద నా పెట్టెల చివరలు ఒకదానికొకటి తగిలి ట్రక్కు పట్టాలు దిగిపోతోంది. రెండు పెట్టెలకీ కలిపి ఒకటే పిన్ పెట్టాలా, పక్కపక్కన రెండు పెట్టాలా? అసలు రైల్లో ఎలా ఉండేది? ఒక సెట్ ఇంగ్లండ్‌లో పాత రైళ్లని కాపాడే నార్త్ నార్ఫోక్ రైల్వేలో భద్రంగా ఉంది, అటువైపు ఉండే మనవాళ్లు ఎవరైనా చూసుంటే ఆ జాయింట్ కింద భాగం ఫోటో పెట్టండి ప్లీజ్. అలాగే టేకు వార్నిష్ రంగు దగ్గరగా రావాలంటే ఏం వాడాలో కూడా చెప్పండి.