ఒవేషన్ మళ్ళీ వచ్చిందంటే ఏది వచ్చినట్టు?

పన్నెండు తీగలు (విజయవాడ)

గుండ్రటి వీపు ఒవేషన్ గిటార్లు ఇప్పుడు జర్మనీ కంపెనీ గేవా చేతుల్లో మళ్ళీ మార్కెట్‌లో కనిపిస్తున్నాయి. అడామస్ లాంటి పాత మోడళ్ళ పేర్లు మళ్ళీ వినబడుతున్నాయి. తెలియనివాళ్ళ కోసం కాస్త చరిత్ర. హెలికాప్టర్లు తయారుచేసే చార్లెస్ కామన్ అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో 1966లో ఈ గిటార్లు మొదలుపెట్టాడు. పైపలక స్ప్రూస్ అనే చెట్టు కర్ర. వెనక, పక్కలు అంతా కలిపి ఒకే గిన్నె. ఫైబర్‌గ్లాస్ గుడ్డని రెజిన్ అనే గట్టిపడే జిగురుతో అచ్చులో పోసి తీసింది, దాని పేరు లైరాకార్డ్. తర్వాత వ్యాపారం గిటార్ల కంపెనీ ఫెండర్ చేతికి వెళ్ళింది. వాళ్ళు 2014లో కనెటికట్‌లోని న్యూ హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీ మూసేశారు. డ్రమ్ముల కంపెనీ డీడబ్ల్యూ కొని మళ్ళీ తెరిచింది. ఆ తర్వాతే గేవా.

నా ప్రశ్న ఒక్కటే. ఇన్ని చేతులు మారాక వస్తున్నదాన్ని ఒవేషన్ అనొచ్చా? కొనాలనుకుంటున్నాను, అందుకే అడుగుతున్నాను.

స్ప్రూస్ మాత్రమే (బెంగళూరు)

ఎవరు చేసినా అది ప్లాస్టిక్ గిటారే. వెనక పలక కర్రదైతే తీగతో పాటు అదీ కదులుతుంది, శబ్దానికి ఒక వెచ్చదనం ఇస్తుంది. గిన్నెలో ఆ కదలిక లేదు. స్పీకర్ వైరు తగిలించకుండా ఒక ఒవేషన్, ఒక మామూలు రోజ్‌వుడ్ గిటార్ పక్కపక్కన వాయించి చూడండి. ఒవేషన్ పలచగా, గొంతు సన్నగా వినిపిస్తుంది. వైరు తగిలిస్తే బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు మనం వినేది పికప్‌ని, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే పరికరాన్ని, గిటార్‌ని కాదు.

పోయినదాన్ని పోనివ్వాలి. 1953లో మారియో మకఫెర్రి పూర్తిగా ప్లాస్టిక్‌తో గిటార్లు చేశాడు. జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ వాయించిన సెల్మర్ కంపెనీ గిటార్‌కి రూపం ఇచ్చిన మనిషే ఆయన. అంతటి పనివాడు చేసినా జనం పట్టించుకోలేదు.

కొత్త వేళ్ళు (కరీంనగర్)

ఒడిలో పెట్టుకుంటే జారిపోతుందంటారు, నిజమేనా?

కాకినాడ తీగలు

బెంగళూరు బ్రదర్, ఫైబర్‌గ్లాస్‌ని ప్లాస్టిక్ అనడం తప్పు. మకఫెర్రి వాడింది పోత పోసిన ప్లాస్టిక్, ఇది గాజు నార. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

నేను సముద్రం ఒడ్డున ఉంటాను. పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తున్నాను. దీనికి ముందు నా దగ్గర ఉన్న కర్ర గిటార్‌కి మూడు వానాకాలాల్లో వెనక పలక ఊడింది, పక్కలు ఉబ్బాయి, తీగలు ఎత్తుకు లేచి వేళ్ళు కోసుకుపోయాయి. బాగుచేయించడానికి హైదరాబాద్ పంపితే నాలుగు నెలలు పట్టింది. ఒవేషన్ సెలబ్రిటీ మోడల్ కొన్నాక ఆ బాధ లేదు. ఫ్యాన్ కింద, ఏసీలో, ఉక్కపోతలో, స్టేజీ మీద లైట్ల వేడిలో గిన్నె చెక్కుచెదరలేదు. తీగల కింద ఆనే బద్ద (శాడిల్)లోనే పికప్ ఉంటుంది కాబట్టి మైకు పెట్టి కదలకుండా కూర్చునే పని లేదు, స్పీకర్ ఊళ ఎత్తదు. మూడు వందలమంది పాడుతుంటే ఆ పలచటి గొంతే డ్రమ్స్, కీబోర్డ్ మధ్యలోంచి వినిపిస్తుంది. మీకు లోపం అనిపించిందే నాకు పనికొచ్చింది.

స్ప్రూస్ మాత్రమే (బెంగళూరు)

గాజు నారని పట్టి ఉంచే రెజిన్ ఏమిటి? ప్లాస్టిక్కే. కాబట్టి నేనన్న మాటలో తప్పు లేదు.

పడవ పని (మచిలీపట్నం)

గిటార్ సంగతి నాకు తెలియదు, మా అబ్బాయి కోసం ఈ గ్రూపులో ఉన్నాను. ఫైబర్ పడవల పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. ప్లాస్టిక్ బకెట్‌కీ ఫైబర్ పడవకీ ఉన్న తేడా చేత్తో తడితే తెలుస్తుంది.

పన్నెండు తీగలు (విజయవాడ)

ప్లాస్టిక్ అన్న మాట పక్కన పెడదామా? ఎలా ఉంటుందో చెప్పండి. గుండ్రటి వీపు మనకేం కొత్త కాదు. వీణకి కుండ ఉంది, తంబురాకి బుర్ర ఉంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, ఎనిమిది తీగల బదులు ఐదు తీగలతో కర్ణాటక సంగీతం వాయించారు. ఇది ఏ వాద్యం అని మొదట అడిగినవాళ్ళు కూడా తర్వాత కూర్చుని విన్నారు.

స్ప్రూస్ మాత్రమే (బెంగళూరు)

వీణ మాట తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. బొబ్బిలి వీణని పనస దుంగలోంచి ఒకే ముక్కగా చెక్కుతారు. అచ్చులో పోయరు. అదీ తేడా.

హార్ట్‌ఫర్డ్ చలి (కనెటికట్)

ఆలస్యంగా చూశాను. ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ పని మీద ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. న్యూ హార్ట్‌ఫర్డ్ మా ఇంటికి కారులో అరగంట. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

కామన్ 1945లో తన తల్లి ఇంటి గ్యారేజీలో 2,000 డాలర్లతో హెలికాప్టర్ కంపెనీ మొదలుపెట్టాడు. ఆయనకి గిటార్ పిచ్చి ఉండేది. హెలికాప్టర్ రెక్కలో వణుకు తగ్గించడం వాళ్ళ ఇంజనీర్ల రోజువారీ పని. వణుకు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ చస్తుంది అన్నది వాళ్ళకి కొలతలతో తెలుసు. మామూలు గిటార్ పెట్టెలో మూలలు, అతుకుల దగ్గర శబ్దం చిక్కుకుపోతుందని, మూలల్లేని గిన్నె అయితే దాన్ని ముందుకు తోస్తుందని వాళ్ళ వాదన. గిన్నె తనంతట తాను గట్టిగా ఉంటుంది కాబట్టి లోపల వెనకవైపు ఆసరా బద్దలు అక్కర్లేదు. 1969 నుంచి అమెరికన్ గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ తన టీవీ షోలో ఈ గిటార్ వాయించాడు. శాడిల్ కింది పికప్ కూడా అక్కడే పెరిగింది. అడామస్‌కి కర్ర బదులు కార్బన్ ఫైబర్ పలక వేసి, శబ్దం వచ్చే రంధ్రాన్ని మధ్యలోంచి తీసి పైభాగాన చిన్నచిన్న రంధ్రాలుగా పంచారు. 1970ల్లో అలాంటి పని చేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇదంతా ఒక ఊరి పని. కామన్ 2011లో పోయాడు, మూడేళ్ళకి ఫ్యాక్టరీ పోయింది. ఆ అచ్చులు, ఆ బెంచీలు, ఆ చేతులు లేకుండా గిన్నె ఆకారం ఒక్కటే తెచ్చి పేరు అంటిస్తే దాన్ని పునరుద్ధరణ అనలేను. కొరియా, చైనాల్లో చేసిన సెలబ్రిటీ, అప్లాజ్ మోడళ్ళు ఒవేషన్ పేరు మీద బతికిన వేరే గిటార్లు. పన్నెండు తీగలు గారూ, మీరు డబ్బు పెట్టదలిస్తే పాత న్యూ హార్ట్‌ఫర్డ్‌దే వెతకండి. లోపలి లేబుల్ చూసి కొనండి.

కొత్త వేళ్ళు (కరీంనగర్)

అన్నా, ఒడిలో జారుతుందా లేదా?

కాకినాడ తీగలు

హార్ట్‌ఫర్డ్ గారూ, లేబుల్ చూడమన్నారు. నా కథ వినండి. నాకు గిటార్ అమ్మిన దుకాణం వాళ్ళు అమెరికాలో చేసిందే అని చెప్పి అమ్మారు. ఇంట్లో పెళ్ళి కోసం దాచుకున్న డబ్బులోంచి 38 వేలు తీసి ఇచ్చాను. రెండు నెలల తర్వాత టార్చి వేసి లోపలికి చూస్తే కొరియా అని ఉంది. వెళ్ళి అడిగితే పేరు అదే కదా, ఇంకేం కావాలి అన్నారు. చాలా రోజులు ఆ గిటార్ ముట్టుకోబుద్ధి కాలేదు. తర్వాత వాయిస్తూ వాయిస్తూ దాన్ని నాదిగా చేసుకున్నాను.

ఇప్పుడు మీరు వచ్చి అది ఒవేషనే కాదంటున్నారు.

స్ప్రూస్ మాత్రమే (బెంగళూరు)

చూశారా, పేరు అమ్మడమే జరుగుతోంది. కర్ర గిటార్ అయితే ఏ కర్రో, ఎక్కడిదో మనిషికి తెలుస్తుంది.

కాకినాడ తీగలు

తెలుస్తుందా? 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి మొత్తానికి సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు పెట్టినప్పుడు గిటార్లు అమ్మేవాళ్ళు కాగితాల కోసం ఎంత తంటాలు పడ్డారో గుర్తులేదా? 2019 నవంబరులో వాద్యాలకి సడలింపు వచ్చేదాకా అదే టెన్షన్. మన జిట్రేగి చెట్టు, అదీ రోజ్‌వుడ్డే, నరికి ఎక్కడో గిటార్ వీపు చేస్తే వెచ్చదనం, గాజు నారతో చేస్తే ప్లాస్టిక్.

హార్ట్‌ఫర్డ్ చలి (కనెటికట్)

కాకినాడ తమ్ముడూ, మీ గిటార్ చెడ్డదని నేను అనలేదు. దుకాణం వాళ్ళు చేసింది మోసం. కానీ వాస్తవం వాస్తవమే కదా. ఆ గిటార్ న్యూ హార్ట్‌ఫర్డ్‌ది కాదు.

కాకినాడ తీగలు

మీ దగ్గర ఉన్న ఒవేషన్ వారానికి ఎన్నిసార్లు వాయిస్తారు?

హార్ట్‌ఫర్డ్ చలి (కనెటికట్)

అది ఇక్కడ విషయం కాదు. ఎక్కువగా గోడకే ఉంటుంది.

కాకినాడ తీగలు

అదే విషయం. గోడకున్నది అసలుది, నా ఒళ్ళో ఉన్నది నకిలీ! కొరియాలో ఆ గిన్నె అచ్చులోంచి తీసినవాళ్ళకి చేతులు లేవా? పని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్తే అది చావు అంటున్నారు. అలా కదిలిన పని మీదే మీరు హార్ట్‌ఫర్డ్‌లో ఉన్నారు. మా ఊరి నుంచి ఎంతమంది కుర్రాళ్ళు అలా వచ్చిన పనితో ఇల్లు కట్టుకున్నారో లెక్కపెట్టండి. మాకు పని వస్తే మంచిది, మాకు గిటార్ వస్తే నకిలీ. ఇదెక్కడి న్యాయం?

పన్నెండు తీగలు (విజయవాడ)

ఇద్దరూ కాస్త తగ్గండి.

హార్ట్‌ఫర్డ్ చలి (కనెటికట్)

నిన్నంతా జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా పక్కింటి పెద్దాయన ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడు. గిన్నెకి పైపలక అతికించే చోట ఉండేవాడు. గిన్నె తేమకి కదలదు, స్ప్రూస్ పలక కదులుతుంది, ఆ రెండూ కలిసే అంచు దగ్గరే ఒవేషన్ బతుకు ఉంటుందని ఆయనే చెప్పాడు. చలికాలంలో హీటర్ గాలికి పలక ఎండిపోయి చీలిపోతుందని, గిటార్ పెట్టెలో తడి స్పాంజి పెట్టమని నేర్పాడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు ఎవరూ లేరు. ఆయన ఆదివారం పూట వచ్చి నా గిటార్ తీగల ఎత్తు సరిచేసి, భోజనం చేసి వెళ్ళేవాడు. మా ఆవిడ చేసిన పప్పుచారు ఆయనకి ఇష్టం. 2014 జూన్‌లో ఫ్యాక్టరీ మూసేశాక ఆయన మళ్ళీ గిటార్ ముట్టుకోలేదు. నా గిటార్ గోడకెక్కింది కూడా అప్పుడే.

ఒవేషన్ తిరిగి వచ్చింది అని ఎవరైనా రాస్తే నాకు ఆయన గుర్తొస్తాడు, ఆయన తిరిగి రాలేదు కదా అనిపిస్తుంది. నేను కాపాడుకుంటున్నది అది. దానికోసం మీ గిటార్‌ని తీసిపారేసి మాట్లాడాను. నకిలీ అన్న అర్థం వచ్చేలా రాయడం నా తప్పు.

అయినా ఒక మాట మీద ఉంటాను. కొత్త యజమానులు ఎక్కడ చేసిన గిటార్‌కి అక్కడి పేరు పెద్ద అక్షరాలతో బయటే రాయాలి. టార్చి వేసి వెతుక్కునే గతి కొనేవాడికి ఉండకూడదు.

కాకినాడ తీగలు

ఆ మాటకి నేనూ ఒప్పుకుంటాను. బయటే కొరియా అని రాసి ఉంటే తక్కువ ధరకి, తెలిసే కొనుక్కునేవాణ్ణి. పెద్దాయన సంగతి ముందే రాసి ఉంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు.

కానీ మీరు చెప్పిన దారిలో పునరుద్ధరణ అంటే ఏడాదికి కొన్ని గిటార్లు, లక్షల్లో ధర. అది మా చర్చి మెట్లెక్కదు. ఆ దగ్గర మనిద్దరం కలవం.

హార్ట్‌ఫర్డ్ చలి (కనెటికట్)

కలవం. నిజమే.

స్ప్రూస్ మాత్రమే (బెంగళూరు)

పైపలక చీలుతుందని మీరే అన్నారు. అంటే గుండెకాయ కర్రే. నేను మొదటినుంచీ చెప్తున్నది అదే.

కొత్త వేళ్ళు (కరీంనగర్)

అన్నా, నా ప్రశ్న...

కాకినాడ తీగలు

తమ్ముడూ, జారుతుంది. లోతు గిన్నె అయితే కూర్చుని వాయించేటప్పుడు కచ్చితంగా జారుతుంది. లోతు తక్కువ ఉన్నవి కాస్త నయం. బెల్టు వేసుకుని కూర్చో. ఇన్నిసార్లు అడిగినా జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. పోయిన నెల ప్రాక్టీసులో బెల్టు లేకుండా కూర్చున్నాను, నా ఒళ్ళోంచి జారి మెట్టు అంచుకి తగిలింది. గిన్నెకి జానెడు బీట పడింది. ఇద్దరు రిపేరువాళ్ళు కర్ర అయితేనే చేస్తామన్నారు. గిన్నె చెక్కుచెదరదని పైన రాసినవాణ్ణి నేనే, అందుకే చెప్పడానికి నోరు రాలేదు.

పడవ పని (మచిలీపట్నం)

బీట లోపలివైపు దాకా ఉందా, పైపొర వరకేనా? గోరుతో గీసి చూడండి.

కాకినాడ తీగలు

లోపలి దాకా ఉందండి. వేలు పెడితే గరుకు తగులుతోంది.

పడవ పని (మచిలీపట్నం)

అయితే లోపలినుంచే అతకాలి. గరుకు కాగితంతో బీట చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు రుద్దాలి, దుమ్ము పూర్తిగా తుడవాలి. పలచటి గాజు గుడ్డ రెండు పొరలు, ఎపాక్సీ రెజిన్. పడవకి వాడే మామూలు రెజిన్ వద్దు, వాసన కర్రకి పడుతుంది. ఎండలో పెట్టకూడదు. చెయ్యి దూరేంత రంధ్రం ఉందా?

హార్ట్‌ఫర్డ్ చలి (కనెటికట్)

సెలబ్రిటీల్లో కొన్నిటికి వెనక గుండ్రటి మూత ఉంటుంది, అది విప్పితే చెయ్యి వెళ్తుంది. మీదానికి ఉందేమో చూడండి. పైపలక బద్దల మీద రెజిన్ చుక్క పడకుండా గుడ్డ కప్పాలి. ఎన్ని పొరలు వేస్తే శబ్దం బరువెక్కదో పెద్దాయన్ని అడుగుతాను. ఈ సాయంత్రమే వెళ్తున్నాను, బీట ఫోటో పంపండి.

కాకినాడ తీగలు

మూత ఉంది. ఇప్పుడే విప్పాను. ఫోటో పెడుతున్నాను. మచిలీపట్నం గారూ, శనివారం పొద్దున బస్సెక్కితే పదకొండుకల్లా మీ దగ్గర ఉంటాను, వీలవుతుందా?

పడవ పని (మచిలీపట్నం)

రండి. రెజిన్ గట్టిపడడానికి రాత్రంతా పడుతుంది. ఆదివారానికి వేరే గిటార్ చూసుకుని రండి.