ఇంట్లో ఇప్పుడే చెప్పాలా, మందులు అయిపోయేదాకా ఆగాలా?

దేవరకొండ దర్జీ:
నాకు 41 ఏళ్లు. గర్భసంచి ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే రక్తపరీక్షలో హెపటైటిస్ సి అని వచ్చింది. రక్తం ద్వారా అంటుకునే కాలేయం జబ్బట. డాక్టరు గారు కాగితం చదివి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "ఇక్కడ చేయము, వేరే చోట చూసుకోండి" అంటూ రిపోర్టును పెన్ను కొసతో నా వైపు తోశారు. కాసేపటి ముందు అదే పెన్నుతో నా పేరు రాసుకున్నారు. బయట వరండాలో అందరూ వినేలా "సి పాజిటివ్ ఎవరమ్మా?" అని పిలిచారు.

ఎలా వచ్చిందో కచ్చితంగా చెప్పలేను. నా పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. కాళ్లు లాగితే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. స్టీలు డబ్బాలో ఒకటే గాజు సిరంజి ఉండేది. వరుసలో ఉన్న అందరికీ అదే.

మా ఆయన డీసీఎం నడుపుతారు. ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. మా వాడలో ఒకాయనకు టీబీ వస్తే ఆయన గ్లాసు వేరుగా చూరులో పెట్టారు. జబ్బు తగ్గి ఏళ్లు గడిచినా ఆ గ్లాసు చూరులోనే ఉంది. నేను జాకెట్లు కుడతాను. ఈ మాట బయటికి పోతే నా గడపలోకి ఎవరు వస్తారు? మూడు నెలల మందులతో తగ్గుతుందట. ఇంట్లో చెప్పాలా, తగ్గాక చెప్పాలా?

పాలమూరు మేస్త్రి:
చెప్పొద్దు చెల్లీ. అనుభవంతో అంటున్నాను. పుణెలో పనిచేసేటప్పుడు రక్తదానం చేస్తే నాకూ ఇదే బయటపడింది. ఊరికి వచ్చి మా అన్నకు ఒక్కడికే చెప్పుకున్నాను. రెండేళ్ల తర్వాత పొలం గెట్టు దగ్గర మాట పెరిగింది. పదిమంది పెద్దమనుషుల ముందు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట "వీడి రక్తమే చెడ్డది" అని. అప్పటికే నా జబ్బు పూర్తిగా పోయింది. అయినా ఆ ఏడాది మా అమ్మాయికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. 84 రోజులు నోరు మూసుకుని మాత్రలు వేసుకో. అడిగితే గ్యాస్ మాత్రలని చెప్పు. మా ఇంట్లో నేను అదే చెప్పాను.

నల్లగొండ నర్సు:
అక్కా, చెప్పడం సంగతి తర్వాత. ముందు మీకు జబ్బు ఉందో లేదో తేలాలి. ఆపరేషన్‌కు ముందు సాధారణంగా చేసేది యాంటీబాడీ పరీక్ష. వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది. వంద మందిలో సుమారు ముప్ఫై మందికి మందు లేకుండానే వైరస్ పోతుంది. ఇప్పుడు ఉందా అన్నది ఆర్ఎన్ఏ పరీక్షలోనే తెలుస్తుంది. ఆ పరీక్ష రాయకుండా మిమ్మల్ని పంపించేశారంటే నాకు కోపం వస్తోంది. పాజిటివ్ అని తెలిసినా తెలియకపోయినా ప్రతి రోగి రక్తంతోనూ ఒకే జాగ్రత్త పాటించాలని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. తొందర లేని ఆపరేషన్‌ను చికిత్స అయ్యేదాకా వాయిదా వేయవచ్చు. దానికి ఒక పద్ధతి ఉంది, పెన్నుతో తోయడం ఆ పద్ధతి కాదు.

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లి హెపటైటిస్ చికిత్స కావాలని అడగండి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. ఈ మందులు మొదట అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. ఇప్పుడు మన హైదరాబాద్ కంపెనీలే తయారు చేస్తున్నాయి. నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. మంచి డాక్టరని ఎలా తెలుస్తుందంటే, కాలేయం గట్టిపడిందేమో చూస్తారు, హెపటైటిస్ బి పరీక్ష కూడా రాస్తారు, మీరు ఇప్పటికే వాడుతున్న మాత్రలన్నీ అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి.

పాలమూరు అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ గ్యాస్ మాత్రలని చెప్పమనడం ప్రమాదం. ఈ మందుల్లో ఒక రకం, గ్యాస్ మాత్రలతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. పైగా ఇంట్లో వాళ్లు నిజంగానే అవి తెచ్చి ఇస్తారు. భర్తకు చెప్పాలి అక్కా. ఆయన, పిల్లలు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది నూటికి ఐదారుగురికే, అయినా చూసుకోవాలి. కంచం, గ్లాసు, పక్క, కౌగిలింత, వీటితో రాదు. బ్లేడు, గోళ్ల కత్తెర, పళ్ల బ్రష్షు మాత్రం ఎవరివి వాళ్లవే. కుట్టేటప్పుడు వేలికి సూది గుచ్చుకుంటే ప్లాస్టర్ వేసుకుని కుట్టండి, చాలు.

పాలమూరు మేస్త్రి:
గ్యాస్ మాత్రల సంగతి నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను. జబ్బు పోయినా యాంటీబాడీ రక్తంలో జీవితాంతం ఉంటుందని నా డాక్టరు చెప్పారు. ఊరి మాట కూడా అంతే సిస్టర్. దానికి మీ దగ్గర మాత్ర లేదు.

నాగర్‌కర్నూల్ కొడుకు:
మా నాన్న దాచారు. రిపోర్టు ట్రంకు పెట్టెలో భూమి పట్టాల కింద దొరికింది, అదీ ఆయన రక్తం కక్కుకున్న రాత్రి. కాలేయం దెబ్బతిన్నవాళ్లు మందు, కల్లు తాకకూడదు. కానీ దావత్‌లో వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. అందుకని అందరితో కలిసి తాగారు. కామెర్లు కనిపించినప్పుడు అమ్మ పసరు మందు పోయించింది. తెలిస్తే పోయించేది కాదు కదా.

మేస్త్రి గారూ, మీ అన్న చేసింది పెద్ద తప్పు. కానీ ఎవరికి చెప్పారో ఆ మనిషి తప్పయితే, చెప్పడమే తప్పు కాదు. మా నాన్న మమ్మల్ని నమ్మలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

దేవరకొండ దర్జీ:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆర్ఎన్ఏ పరీక్షలో వైరస్ ఉందనే వచ్చింది. కాలేయం ఇంకా గట్టిపడలేదన్నారు. ఈసారి చూసిన మేడం "కూర్చో అమ్మా" అని, నా కింది రెప్పను బొటనవేలితో లాగి చూశారు. చిన్న విషయమే. ఆ వేలు తగిలాక నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయనకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి తన షేవింగ్ సామాను తీసి పై అరలో పెట్టారు. అది జాగ్రత్తో దూరమో నాకు అర్థం కాలేదు, అడగలేదు. తెల్లారి బండి ఎక్కకుండా పిల్లలిద్దరినీ తీసుకుని ఆసుపత్రికి నడిచారు. ముగ్గురికీ లేదని వచ్చింది.

అత్తమ్మకు చెప్పలేదు. మేస్త్రి అన్న మాట అక్కడ విన్నాను. రెండు రకాల మాత్రలు, రోజుకు ఒక్కోటి. సీసాలు గుండీల డబ్బాలో పెట్టుకున్నాను. నిన్న అత్తమ్మ దారం కోసం అదే డబ్బా తీయబోతే మా ఆయన లేచి దారం తానే అందించారు.