పక్క సీటులోని కూరగాయల సంచికి కూడా బెల్టు కావాలా?

నిజాంపేట వాసి:
ప్రతి ఆదివారం కూకట్‌పల్లి రైతుబజారులో కూరగాయలు కొని, సంచిని పక్క సీటులో పెట్టుకుని వస్తాను. బండి కాస్త వేగం అందుకోగానే మోత మొదలవుతుంది. ఆనపకాయకు బెల్టు పెట్టమంటుంది ఈ కారు! విసుగొచ్చి బకిల్‌లో ఒక ఇనుప క్లిప్పు దూర్చాను, మోత ఆగింది. మా బావమరిది చూసి "ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు బావా" అంటాడు. మనిషే లేని సీటులో ప్రాణం ఎక్కడిది? మీరే చెప్పండి.

పాత మెకానిక్:
ముందు కారుకు ఏం తెలుసో చూడండి. సీటు గుడ్డకూ స్పాంజికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. బరువు పడితే కలుసుకునే చిన్న చిన్న స్విచ్‌లు అందులో ఉంటాయి. బకిల్‌లో మరో స్విచ్. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, సీటు మీద బరువుండి, బకిల్ ఖాళీగా ఉంటే మొదట దీపం, వేగం పెరిగితే మోత. మామూలు కార్లలో లెక్క ఇంతే. బరువు ఎక్కడ పడిందన్నది కూడా ముఖ్యం. అందుకే ఒక్కోసారి ల్యాప్‌టాప్ సంచికి మోగుతుంది, సీటు అంచుల మీద ఆనిన పెద్ద డబ్బాకు మోగదు. మీ క్లిప్పు చేసేదల్లా బకిల్ చేత అబద్ధం చెప్పించడమే.

రింగురోడ్డు ప్రయాణికురాలు:
సంచి ఉన్నప్పుడు కాదండీ, సంచి దిగాకే ప్రమాదం. మా వారూ ఇలాగే క్లిప్పు పెట్టి మరిచిపోయారు. గచ్చిబౌలిలో అవుటర్ ఎక్కి శంషాబాద్ వెళ్తున్నాం. కబుర్లలో పడి నేను బెల్టు పెట్టుకోలేదు, కారు కిక్కురుమనలేదు. టోల్ దగ్గర ఆగినప్పుడు చూసుకుని నా గుండె జారిపోయింది. బెల్టు లేకుండా ముందుకు తూలే మనిషికి విచ్చుకుంటున్న ఎయిర్‌బ్యాగ్ దిండు కాదు, దెబ్బ. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశాలతో ఐదు ఆన్‌లైన్ దుకాణాలు ఈ క్లిప్పుల అమ్మకపు ప్రకటనలు 13,118 తొలగించాయి. ఊరికే తీయించలేదు కదా!

శంకలవాడు:
తప్పంతా వాడేవాడిదేనా? అమెరికాలో 1974 మోడల్ కార్లకు, బెల్టు పెట్టుకోనిదే ఇంజన్ స్టార్ట్ కాని ఏర్పాటు చేశారు. పక్క సీటులో కిరాణా సంచి ఉన్నా, కుక్క ఉన్నా బండి మొరాయించేది. జనం తిట్టిపోశారు. ఆ ఏడాది అక్టోబరులోనే చట్టం చేసి దాన్ని వదిలించుకున్నారు. యాభై ఏళ్లు గడిచినా కారుకు మనిషెవరో సంచేదో తెలియదు! మన దేశంలో 2019 జూలై 1 నుంచి ముందు సీట్లు రెండింటికీ ఈ హెచ్చరిక తప్పనిసరి చేశారు. సంచిని గుర్తుపట్టమని మాత్రం అడగలేదు. నన్నడిగితే సీటు కింద వైరు ఊడదీస్తే పీడ పోతుంది.

పాత మెకానిక్:
ఆ పని మాత్రం చేయకండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌కు చెందినది. ఊడదీస్తే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది, అవసరానికి ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకపోవచ్చు కూడా. సీటు కాళ్ల దగ్గరే బరువు కొలిచే ఏర్పాట్లు ఉన్నాయి, మనిషినీ సంచినీ ఇంకాస్త బాగా పోల్చుకుంటాయి. ధర కూడా అలాగే ఉంటుంది. కొనేటప్పుడు మనం సన్‌రూఫ్ అడుగుతాం గానీ ఇది అడుగుతామా?

నిజాంపేట వాసి:
క్లిప్పు తీసేశాను. ఈ వారం సంచి కింద, కాళ్ల దగ్గర పెట్టాను. జేఎన్‌టీయూ మలుపులో టమాటాలన్నీ దొర్లాయి. శంకలవాడు గారి కోపంలో న్యాయం లేకపోలేదు. మరో సందేహం: మా ఐదేళ్ల పాప ముందు కూర్చున్నప్పుడు అసలు మోగలేదే?

రింగురోడ్డు ప్రయాణికురాలు:
తేలికైన పిల్లలుంటే కారు దాన్ని ఖాళీ సీటనే అనుకోవచ్చు. మోగనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. పాపను వెనక పిల్లల సీటులో కూర్చోబెట్టండి. సంచికి డిక్కీ ఉంది కదా!

నిజాంపేట వాసి:
డిక్కీ నిండా సీఎన్‌జీ సిలిండరే ఉందండీ.