నాన్నకు మార్ఫిన్ రాశారు, ఇంట్లో వాడినవాళ్లు చెప్పండి

ఖమ్మం పిల్ల:
నాన్నకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పికి మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలు రాసి, నాలుగు గంటలకోసారి వేయమన్నారు. మా బాబాయేమో అది నల్లమందే కదా, అలవాటైపోతుంది, తట్టుకోలేనప్పుడే ఇవ్వు అంటున్నాడు. నిన్న రాత్రి ఇవ్వలేదు. మంచంకోడు పట్టుకుని తెల్లార్లూ కూర్చునే ఉన్నారు, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు:
మా ఆవిడ విషయంలో మేమూ ఇదే తప్పు చేశామమ్మా. నొప్పి ముదిరాక వేస్తే మందు పనిచేసేదాకా నరకమే. టైము ప్రకారం ఇచ్చెయ్. మా డాక్టరు రాత్రి పదింటికి రెండు మాత్రలు కలిపి వేయమన్నారు, దాంతో అర్ధరాత్రి లేపే పని తప్పింది, మీ డాక్టర్ని కూడా అడుగు, సొంతంగా మాత్రం పెంచకు. వేసిన ప్రతిసారీ క్యాలెండర్ మీద టైము రాసేవాణ్ణి, లేకపోతే నేనోసారి, మా అబ్బాయి ఇంకోసారి వేసేసే ప్రమాదం ఉంది.

పాలియేటివ్ నర్సు:
నేను రోజూ చూసేది చెప్తాను. వికారం, మత్తు చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతాయి, మలబద్ధకం మాత్రం తగ్గదు. మొదటి రోజు నుంచే విరేచనాల మందు కూడా రాయించుకోండి, మార్ఫిన్ వాడినన్నాళ్లూ అదీ ఉండాలి. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి, మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. మద్యం వద్దు, డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలూ వద్దు. పిలిచినా, కుదిపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇక అలవాటు సంగతి. నొప్పికి లెక్క ప్రకారం వాడేవాళ్లు వ్యసనంలో పడటం అరుదు, కానీ ఒంటికి అలవాటవుతుంది కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

వైజాగ్ కోడలు:
మా అత్తయ్య మింగలేకపోతే ఫెంటానిల్ ప్యాచ్ పెట్టారు, అదీ నొప్పి మందే, చర్మం మీద అంటిస్తారు, మూడు రోజులకొకటి. దాని మీద వేడినీళ్ల కాపడం పెట్టొద్దని గట్టిగా చెప్పారు, వేడికి మందు ఎక్కువగా ఒంట్లోకి వెళ్తుందట. తీసేసిన ప్యాచ్‌లో కూడా మందు మిగిలే ఉంటుంది, జిగురు వైపు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పెట్టేదాన్ని. మాత్రలైనా బీరువాలో తాళం వేసే ఉంచు.

గోదారి గట్టు:
ఇంకోటి, స్టాకు అయిపోయేదాకా ఆగకు. మార్ఫిన్ మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు. 2014లో మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులకు కాస్త సులువైంది గానీ, మాకైతే ప్రతిసారీ ఊరు దాటి వెళ్లాల్సి వచ్చింది.

ఖమ్మం పిల్ల:
అందరికీ థాంక్స్. పొద్దున డాక్టరుతో మాట్లాడాను, బాబాయికి ఫోనిచ్చి ఆయనతోనే చెప్పించాను. పదింటికి, రెండింటికి వేశాను. మధ్యాహ్నం వెల్లకిలా పడుకుని నిద్రపోయారు, అలా పడుకోవడం చూసి నెలయింది. విరేచనాల మందు రాయలేదు, దానికోసమే మళ్లీ ఫోన్ చేస్తున్నా.